క్లచ్ లేని కారులో ఎడమ కాలు

ఇవాళ పొద్దున కొండ మీది ఆకాశనగర్ నుంచి కిందనున్న బచేలికి దిగబోతూ, ఘాట్ మొదలయ్యే చోట కారు ఆపాను. అప్పుడే కొండ ఎక్కి వచ్చి ఆగిన జీపు ఒకటి నా పక్కన రొప్పుతోంది. దాని కింద నుంచి క్లచ్ కాలిన వాసన గుప్పుమంది. ఆ వాసన ముక్కుకు తగలగానే నా ఎడమ కాలు దానంతట అదే లేచి ముందుకు చాచుకుని నేలను గట్టిగా తొక్కింది. అక్కడ రబ్బరు పట్టా తప్ప ఏమీ లేదు. నా కారుకు క్లచ్ లేదు. కొని నాలుగేళ్ళు దాటినా ఆ సంగతి కాలికి మాత్రం ఎక్కలేదు. ఆ అలవాటు దేవసహాయం మావయ్య చలవ. "ఆయన దగ్గర నేర్చుకున్నదానివి, ఇంత జోరైన బండి కొని ఆటోమేటిక్ తీసుకున్నావేమిటి?" అని బచేలిలో నన్ను అడగనివాళ్ళు తక్కువ. ట్రాఫిక్ అనీ, మోకాలి నొప్పి అనీ చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. బచేలిలో ట్రాఫిక్ ఏమిటని ఎవరూ నిలదీయకపోవడం నా అదృష్టం. అసలు జవాబు చెప్పాలంటే ముందు మావయ్య గురించి చెప్పాలి.

ఆయన నాకు చుట్టం కాదు. మా నాన్నా ఆయనా కేకే రైలు లైనులో కలిసి పనిచేశారు. నాన్న స్టేషన్లో, ఆయన ఇంజను మీద. మావయ్య విజయనగరం దగ్గరి పల్లె నుంచి వచ్చి, బైలదిల్లా కొండల ఇనుప రాయిని సముద్రం వైపు దింపడంలోనే ఉద్యోగమంతా గడిపారు. రిటైరయ్యాక తోటివాళ్ళందరూ మూటాముల్లే సర్దుకుని ఆంధ్రాకు వెళ్ళిపోతే, ఆయన బజారు వెనక చిన్న ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయారు. ఉండిపోయి ఊరుకున్నారా అంటే అదీ లేదు. జగదల్‌పూర్ వెళ్ళి నేలకు ఆనుతుందా అన్నంత కిందికున్న ఎర్రటి స్పోర్ట్స్ మోడల్ కారు ఒకటి తెచ్చారు. కుర్రాళ్ళు కొనే కారు. అరవై ఏళ్ళ మనిషి అందులోంచి దిగుతుంటే చర్చి ముందు జనం నవ్వు ఆపుకునేవారు. ఎరుపే ఎందుకు అని నాన్న అడిగితే, ఈ ఊరి దుమ్ముకి ఏ రంగు కొన్నా చివరికి అయ్యేది అదే కదా అన్నారట. మార్తమ్మ అత్తయ్య, అంటే మావయ్య భార్య, ఆ సీటులో కూర్చోవడమంటే పీట మీద కూర్చోవడమేనని, లేవడానికి ఇద్దరు మనుషులు కావాలని విసుక్కునేది.

నాన్నకు బదిలీ అయి ఇంట్లోవాళ్ళు వెళ్ళిపోయేనాటికి నాకు ఇక్కడి ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉద్యోగం వచ్చింది. వారానికి ఒకసారి కొండ మీది క్లినిక్‌కు వెళ్ళాలి. ఎక్కేటప్పుడు భయం లేదు. దిగేటప్పుడే ప్రాణాలు అరచేతిలో ఉండేవి, ఎందుకంటే జీపులవాళ్ళు డీజిలు మిగులుతుందని గేరు న్యూట్రల్‌లో పడేసి, బ్రేకు మీదే కాలు పెట్టి దొర్లించుకుంటూ వచ్చేవారు. ఒకరోజు దిగాక నా మొహం చూసి మావయ్య తన కారు తాళాలు నా చేతిలో పెట్టారు. నాకు నడపడం రాదన్నాను. రాదు కాబట్టే ఇస్తున్నానన్నారు. మరుసటి ఆదివారం ప్రార్థన అయ్యాక ఫుట్‌బాల్ మైదానంలో పాఠం మొదలైంది.

రైలు ఇంజనులో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడగానే డ్రైవరు దాని రంగు పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి చెప్పాలి. ఇద్దరికీ కళ్ళున్నాయి కదా అని ఊరుకోకూడదు. ఉద్యోగం వదిలినా మావయ్య ఆ పద్ధతి వదలలేదు. ఇంట్లో గ్యాసు కట్టేసి "గ్యాసు బందు" అని కేకేసి, అత్తయ్య తిరిగి చెప్పేదాకా వంటింట్లోనే నిలబడేవారు. "నానేటి నీ అసిస్టెంటునా?" అని అత్తయ్య ఒక్కనాడూ తిరిగి చెప్పలేదు. ఆ ముచ్చట నాతో తీర్చుకున్నారు. గేరు మార్చే ముందు ఏ గేరో నేను పైకి చెప్పాలి, ఆయన తిరిగి చెప్పాలి, అప్పుడే క్లచ్ తొక్కాలి. నాకు ఒళ్ళు మండేది. మైదానం పక్కన క్రికెట్ ఆడుకునేవాళ్ళు కూడా హిందీలో "దో... తీన్..." అని మాతో పాటు అరిచేవారు.

"మార్చేది నా చెయ్యే కదా మావయ్యా, దానికి నేను చెప్పడమెందుకు?" అని ఒకరోజు అడిగేశాను.

"సెయ్యి నిద్దరోద్దమ్మడూ" అన్నారు ఆయన. "కాలూ నిద్దరోద్ది. అలవాటైపోనాక కళ్ళు కూడా తెరుసుకునే నిద్దరోతాయి. నోరొక్కటే నిద్దరోదు."

మైదానం అయ్యాక ఘాట్ మీదికి తీసుకెళ్ళారు. ఇక్కడి డ్రైవర్లు దిగుడును ఉతార్ అంటారు, ఆయనా అలాగే అనేవారు. ఇవాళ నేను ఆగిన చోటే ఆపించి, ఇంజను కూడా కట్టేయించి, ఎదురుగా ఉన్న లోయను చూడమన్నారు. రాయి నింపిన రైలు ఎంత బరువుంటుందో, అది పల్లానికి తిరిగితే ఎలా తోస్తుందో చెప్పారు. "దిగడం మొదలెట్టీసాక పట్టుకుందునులే అనుకుంటే బండి నీ మాట ఇనదు. ఉతార్ రాకముందే పట్టీసుకోవాల" అన్నారు. నేను "రెండు" అన్నాను. ఆయన "రెండు" అన్నారు. కింది దాకా గేరు మార్చకుండా, బ్రేకును అవసరానికి మాత్రం తాకుతూ దిగాను. ఇంజను బండిని వెనక్కి పట్టుకుని ఉంటే ఆ పట్టు సీటులోంచి నడుముకు తెలుస్తుంది. జీవితంలో భయం లేకుండా దిగిన మొదటి కొండ అది. ఆ తరవాత నా పెళ్ళి విషయంలోనూ, ఉద్యోగం మానేద్దామనుకున్న రోజుల్లోనూ నేను తొందరపడబోయినప్పుడల్లా నా నోటికి ఆ "రెండు" వచ్చేది.

ఆటోమేటిక్ కార్లంటే మావయ్యకు చిన్నచూపు. ఆసుపత్రి డాక్టరుగారు ఒకటి కొంటే దాని చుట్టూ తిరిగి, లోపలికి తొంగి చూసి, "ఇది నడపడం కాదు, కూసోడం" అని తేల్చేశారు. ఆ మాట డాక్టరుగారి ముందే అన్నారు. అత్తయ్య ఆ సాయంత్రం వాళ్ళింటికి అరిసెలు పంపి సర్దుబాటు చేసుకుంది.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఒకరోజు మావయ్య ఆసుపత్రి బయట కనబడి, క్లచ్ గట్టిపడిందని విసుక్కున్నారు. రెండు రోజులుగా తొక్కితే లోపలికి వెళ్ళడం లేదట. మెకానిక్ చూసి బాగానే ఉందన్నాడట. బాగున్నదాన్ని బాగున్నదంటే ఎలా ఒప్పుకుంటారు, మళ్ళీ విప్పించారట. అప్పటికీ అంతే. ఈ కాలం మెకానిక్కులకు చెవులు లేవని తిట్టిపోశారు. నేను నవ్వుతూ కారులో కూర్చుని క్లచ్ తొక్కాను. ఎప్పటిలాగే మెత్తగా కిందికి వెళ్ళింది. ఇంకోసారి తొక్కాను. అప్పుడు తలుపులోంచి ఆయన కాళ్ళ వైపు చూశాను. ఎడమ కాలి చెప్పు ముందు భాగం ఒక్కటే నేలకు రాసుకుని కొత్తగా గీరుకుపోయి ఉంది. గట్టిపడింది క్లచ్ కాదు.

ఆయన్ని అక్కడి నుంచి అటే లోపలికి తీసుకెళ్ళాను. పక్షవాతం అప్పటికే తలుపు తట్టి ఉంది, ఆ రాత్రి పూర్తిగా లోపలికి వచ్చింది. ప్రాణానికి ప్రమాదం తప్పింది కానీ ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. తరవాత నెలల తరబడి ఆయన నా దగ్గరికి వ్యాయామానికి వచ్చారు. నడక కోసం వచ్చారని అందరూ అనుకున్నారు. ఆయన వచ్చింది క్లచ్ కోసం. నా అరచేతిని ఆయన పాదం కింద పెట్టి తొక్కమనేదాన్ని, మెల్లగా వదలమనేదాన్ని. ఒకప్పుడు నాకు ఆయన చెప్పిన మాటలే అవి. ఇద్దరికీ ఆ సంగతి గుర్తుంది. చేతికర్ర పట్టుకుని నడిచేంత బలం వచ్చింది. నా అరచేతిని కిందికి నొక్కేంత బలం మాత్రం రాలేదు. ఒక సాయంత్రం ఆయన నన్నే చూస్తూ, "ఇంక రాదు కదమ్మడూ?" అన్నారు. నా వృత్తిలో ఇలాంటి ప్రశ్నకు చెప్పే తియ్యటి జవాబులు చాలా ఉన్నాయి. ఆయనతో ఒక్కటీ చెప్పలేకపోయాను. రాదన్నాను. ఆ వారమే ఎర్ర కారును తెలిసినవాళ్ళకు ఇచ్చేశారు. కదలని బండి తుప్పు పడుతుందన్నారు. కారు వెళ్ళిపోయాక ఆయన మాట్లాడడం కూడా తగ్గించారని అత్తయ్య చెప్పింది. గ్యాసు కట్టేసి ఊరికే వచ్చేస్తున్నారట.

నేను సొంతంగా కారు కొనాలనుకున్నది ఆ రోజుల్లోనే. చిన్నదే అయినా పొగరుగా ఉండే స్పోర్ట్స్ మోడల్, ఆరు గేర్ల మాన్యువల్. ఎన్నాళ్ళుగానో దాని మీద మనసు పడ్డాను. కాస్త గాలి మారుతుందని మావయ్యను జగదల్‌పూర్ షోరూముకు తీసుకెళ్ళాను. రెండు రకాలూ నడిపి చూశాను. మాన్యువల్‌లో గేరు పడిన ప్రతిసారీ చేతికి ఒక చిన్న దెబ్బ తగిలినట్టు హాయిగా ఉంది. ఆటోమేటిక్ చక్కగా, మర్యాదగా పరుగెత్తింది, నన్ను ఏమీ అడగలేదు. వెనక కూర్చున్న మావయ్య రెండింటి చప్పుడూ విని, మాన్యువలే తీసుకో అని తీర్పు చెప్పారు. నాకూ అదే కావాలి. సంతకం పెట్టడానికి లోపలికి వెళ్ళాను.

అద్దంలోంచి బయట ఆయన కనబడ్డారు. నిలబడలేక, దగ్గర్లో తలుపు తెరిచి ఉన్న కారులో కూర్చున్నట్టున్నారు. అది ఆటోమేటిక్. కూర్చున్నది డ్రైవరు సీటు. ఎడమ కాలిని కుడి చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నారు. అది ఒక పక్కన ఊరికే ఉంది. కుడి కాలు బ్రేకు మీద ఉంది, కుడి చెయ్యి స్టీరింగు మీద ఉంది. ఎవరూ చూడడం లేదనుకున్నారు కాబోలు, ఎదురుగా గోడ కేసి చూస్తూ ఆయన పెదాలు కదులుతున్నాయి. నేను పెన్ను మూత పెట్టేసి, ఆటోమేటిక్ ఇవ్వమని చెప్పాను. ఆరు గేర్లు పోయినందుకు బాధ పడలేదని ఎలా అనను? ఇప్పటికీ అప్పుడప్పుడు పడుతూనే ఉంటాను.

తిరుగు దారిలో సంగతి తెలిసి మావయ్యకు కోపం వచ్చింది. "నా మాట ఇననప్పుడు నన్నెందుకు తీసుకొచ్చినావు?" అని, గీదం ఊరు దాటేదాకా మళ్ళీ నోరు విప్పలేదు. కారు ఇంటికి వచ్చాక చూడడానికైనా రాలేదు. రెండో ఆదివారం ప్రార్థన అయ్యాక, అత్తయ్యను వెనక ఎక్కించుకుని, ఆయన్ని ఇంటి దగ్గర దింపుతానని మైదానానికి తీసుకెళ్ళాను. మధ్యలో ఆపి, దిగి, ఆయన వైపు తలుపు తీసి, డ్రైవరు సీటు చూపించాను. ఆయన మైదానాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశారు.

"రోడ్డు మీదికి ఎక్కను. నాకు తెలుసు" అన్నారు చివరికి, నేనేదో అడిగినట్టు. ఆ తరవాత మెల్లగా లేచారు.

ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. పక్క సీటులోంచి నేను గేరు పుల్ల వేశాను, నా కుడి చెయ్యి ఆయనకు ఎడమ చెయ్యి అయింది. కుడి కాలు బ్రేకు మీంచి లేచింది. కారు కదిలింది. నాకు ఆయన మొహం చూడాలనిపించింది, ధైర్యం చాలక ముందుకే చూస్తూ కూర్చున్నాను. గోల్‌పోస్టు దగ్గర పడుతుండగా ఆయన గొంతు సవరించుకుని, "మలుపు, ఎడం" అన్నారు. "మలుపు, ఎడం" అన్నాను. ఒక చుట్టు తిరిగాం, ఇంకొకటి తిరిగాం. ఆవులు వచ్చాయి, చెప్పారు, తిరిగి చెప్పాను. వెనక అత్తయ్య ముక్కు చీదుకుంటూ, ఈ సీటు కూడా పీటలాగే ఉందని గొణిగింది. ఆపేశాక మావయ్య స్టీరింగు మీంచి చెయ్యి తియ్యకుండానే, "గేరు అదే మార్చుకుంటే మార్చుకోనీ. సెప్పేవోళ్ళు, తిరిగి సెప్పేవోళ్ళు ఉంటే సాలు" అన్నారు.

ఆ తరవాత ఆయన ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు అలాగే గడిచాయి. పోయిన వానాకాలంలో నిద్రలోనే వెళ్ళిపోయారు. ఇంట్లో గ్యాసు కేకలు మళ్ళీ మొదలయ్యాయని అత్తయ్య విసుక్కున్న మరుసటి వారమే అది.

నా కారులో కూడా గేరు పుల్లను పక్కకు తోస్తే, దిగుడులో బండిని ఒక గేరులో పట్టి ఉంచే వీలుంది. ఘాట్ మీద ఎప్పుడూ అలాగే దిగుతాను. పైకి చెబుతాను. జవాబు రాదని తెలిసినా, జవాబుకు పట్టేంత సేపు ఆగి అప్పుడు కదులుతాను. ఇవాళ మోకాళ్ళ నొప్పికి క్లినిక్‌లో చూపించుకోవడానికి నాతో కొండ మీదికి వచ్చిన మార్తమ్మ అత్తయ్య పక్క సీటులో ఉంది. జీపు వాసన తగ్గింది. నేలను తొక్కిన ఎడమ కాలిని వెనక్కి తీసుకుని, పుల్లను తోసి, "రెండు" అన్నాను. అలవాటుగా ఆగాను.

అత్తయ్య కళ్ళు గట్టిగా మూసుకుని, తలుపు పిడి పట్టుకుని ఉంది. ఆ మూసిన కళ్ళతోనే, ఎంతో ఇబ్బంది పడుతున్నట్టు, "రెండు" అంది.

అప్పుడు కొండ దిగాను.