గ్లెనిస్ నాలుగు వేళ్లు

గ్లెనిస్ హారప్‌కి కంచెలు కట్టడం తప్ప వేరే పని రాదు, అక్కర్లేదు కూడా. క్వీన్స్‌లాండ్ ఎండలో ఇరవై రెండేళ్లు ఆమె పక్కనే గుంజలు పాతాను. నేను అలిసిపోయేవాణ్ణి, ఆమె అలిసేది కాదు.

అరవై దగ్గరపడ్డాక ఆమె కుడిచేతి మీద, చిటికెన వేలి మొదట్లో పొలుసు పుండొకటి లేచింది. మా వైపు అందరూ చేసేదే తనూ చేసింది. కంచె పక్కన మొలిచే పాలమొక్క తుంచి, ఆ పాలు రాసింది. చెక్కు రాలి లేత చర్మం వచ్చింది.

"చూశావా, డాక్టరు లేడు, ఫీజు లేదు!" అంది. నేనూ తలూపాను.

నాలుగు నెలలకు మళ్లీ లేచింది. మళ్లీ పాలు రాసింది. ఏడాదిన్నర అలాగే గడిచింది. పైకి మానినట్టే కనిపిస్తూ లోపల పాకింది.

చివరికి ఆస్పత్రికి వెళితే, డాక్టర్ పెరేరా పుండులోంచి ముక్క తీసి పరీక్ష చేయించి, చర్మ క్యాన్సరని చెప్పింది. పుండు చుట్టూ కోసి, తొడ చర్మం తెచ్చి అతికించారు. కోసిన అంచుల్లో క్యాన్సర్ ఇంకా మిగిలిందని రిపోర్టు వచ్చింది. ఈసారి చిటికెన వేలు కూడా తీసెయ్యాలంది డాక్టరు.

"వేలు పోతే తీగ ముడెయ్యగలనా?"

"పట్టు బాగా తగ్గుతుంది. తేలికైన పనేదైనా చూసుకోకూడదా?"

"నువ్వు క్యాన్సర్ తీసెయ్ తల్లీ. పట్టు సంగతి నేను చూసుకుంటా."

తీశారు. ఈసారి అంచుల్లో ఏమీ మిగల్లేదని తేలింది. చంకలో గడ్డలు లేస్తాయేమో చూడాలని మూణ్ణెల్లకోసారి రమ్మన్నారు. మొదట్లో టీ కప్పు కూడా నిలిచేది కాదు ఆ చేతిలో. నేను అందుకోబోతే కసిరింది.

"ముట్టుకున్నావో, నీ వేలూ ఊడబీకుతా!"

పట్టు కోసం రోజూ తడిగుడ్డ పిండుతూ ఏడు నెలలు గడిపాక, మాకు ఎప్పుడూ కంచె పని ఇచ్చే కెల్విన్ పొలానికి వెళ్లాం.

"కుర్రాళ్లను పెట్టుకున్నాలే గ్లెనిస్. నువ్వు బండి తోలు, చాలు," అన్నాడు కెల్విన్.

ఆమె కంచెలో తెగిన తీగ కొసలు రెండూ తీసుకుని ముడేసింది. బిగించగానే ముడి జారింది. తీగ ఎగిరి ఆమె మోకాలి కింద చీరింది. కెల్విన్ తల దించుకున్నాడు.

"ఏంటా మొహం? పదిహేడేళ్లప్పుడు ఐదు వేళ్లతో వంద ముడులు జార్చాను!"

ఈసారి తీగను అరచేతి మొదలుతో నొక్కిపెట్టి, మూడు వేళ్లతో బొటనవేలి మీదుగా తిప్పింది. చెమట కారింది. అతికించిన చర్మం ఎర్రబడింది. ముడి పడింది.

"లాగు," అంది కెల్విన్‌తో.

అతను తీగ బిగించే మర పిడి పట్టుకుని లాగాడు. తీగ జివ్వుమంది. ముడి కదల్లేదు.

"చాల్లే గ్లెనిస్..."

"ఇంకా లాగరా!"