కొండమీది మర్యాద

ఆల్ప్స్‌లోని టిరోల్ కొండల్లో చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాక ఎవరూ ఎవరినీ ‘మీరు’ అనరు. అక్కడ కొండలెక్కేవాళ్ళ కోసం మజిలీ ఇల్లు నడిపే నోట్‌బుర్గా, జడ్జీ వచ్చినా "బూట్లు బయట విప్పు, నీ దుప్పటి నువ్వే మడత పెట్టుకో" అంటుంది. ఎవరితో ఏం మాట్లాడుతున్నా చేతిలో గరిటె మాత్రం దించదు. పైనున్న మంచు కరిగిపోయి ఊట ఎండినప్పటినుంచీ నీళ్ళు హెలికాప్టర్లో తెప్పిస్తోంది. "పడకకు డబ్బిచ్చాం, వేణ్ణీళ్ళకీ ఇవ్వాలా?" అని ఎవరైనా గొణిగితే, "నువ్వు నడిచొచ్చావు, అవి ఎగిరొచ్చాయి. ఛార్జీ ఉండదూ?" అంటుంది.

ఊటలు ఎండిన మజిలీ ఇళ్ళను, వాటి సొంతదారైన కొండల సంఘం ఒక్కొక్కటే మూసేస్తోంది. నిన్న మధ్యాహ్నం ఆ సంఘం మనిషి హార్ట్‌విగ్ ఎక్కి వచ్చాడు. కుర్రతనం నుంచీ ఆమె తిట్లు తింటూ, ఆమె కాచిన సూప్ తాగుతూ పెరిగినవాడు. అతని ముందు గిన్నె పెడుతూ, "మళ్ళీ ఒళ్ళు చేశావేంరా" అంది.

అతను నవ్వలేదు. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ, "నోట్‌బుర్గా గారూ, మీరొకసారి కూర్చోండి" అన్నాడు.

ఆమె కూర్చోలేదు. మూసేది ఎప్పుడని కూడా అడగలేదు. గరిటె కింద పెట్టి, వెళ్ళి పొయ్యి ఆర్పేసింది.