దారి పక్క సిలువ

కళింగపట్నం బస్సులో నా పక్కన కూర్చున్న చేపలమ్మే స్త్రీ ఒడిలో కొత్త చెక్క సిలువ ఉన్నది. దారి పక్కనున్న తన భర్త సమాధిపై నాటడానికట. మనిషిని చంపే కొయ్యను పదిమందికీ కనబడేలా నిలబెడితే పరువు పోతుందని, ఇంట్లోనే ఉంచమని, హిందువైన అత్తగారు పట్టుబట్టిందట.

అడగకుండానే వివరించాను. బానిసలనూ తిరుగుబాటుదారులనూ రోమనులు దారి పక్కనే సిలువ వేసేవారు. చూసినవాడు భయపడాలని, చచ్చేవాడు సిగ్గుపడాలని.

"అయితే మా పెబువుని కూడా దారి పక్కనే ఏసినారన్నమాట. మా పాపం, మా సిగ్గు ఆయనే మోసీసినాడు బాబూ. ఇంక దాసడమేటి?" అన్నది.

స్టాపులో అత్తగారు ఎదురుచూస్తున్నది.

"సూడత్తా, ఈ పంతులుగారు కూడా దారి పక్కనే నిలబెట్టాలన్నారు," అంటూ ఆమె దిగింది.

ఆ వృద్ధురాలు కిటికీలోంచి నా నుదుటి విభూతిరేఖలను చూసి చేతులు జోడించింది. నేను ఖండించేలోపే బస్సు కదిలింది.