రెండో పటం

సౌకార్‌పేట దగ్గర బస్సెక్కిన ఆవిడ పేరు నేను అడగలేదు. కాగితం చుట్టిన ఫోటో పటాన్ని నా చేతికిచ్చి కొంగు సర్దుకుంది. కాగితం చిరిగిన చోట మీసాలాయన ఒకరు నవ్వుతున్నారు.

“మా ఆయన. మేడమీంచి పడి నడుం కింద చచ్చుబడింది. మంచంలోనే ఉండి ఉండి పుండు పడి గుంటయింది. పక్కనుండే కండని చర్మంతోనే జరిపి దానిమీద కప్పి కుట్టినారు. ఆరేదాకా బోర్లానే ఉంచమన్నారు, బరువు పడకూడదంట. నేను నీళ్ళకి పోయినప్పుడు చుట్టాలొచ్చినారు. వచ్చినోళ్ళకి మొహం చూపించకుంటే మర్యాదా అని మా బావ, ఆయనకి అన్న, ఆయన్ని వెల్లకిలా తిప్పేసినాడు. వాళ్ళు కాఫీ తాగి పోయేదాకా అట్నే ఉంచినాడు. కప్పిన కండ నల్లబడిపోయింది. మనిషి దక్కలేదు.”

నాకు ఒళ్ళు మండింది. ఆ బావ ఇప్పుడెక్కడున్నాడని అడిగాను.

“మా ఇంట్లోనే. పక్షవాతం. చూసేదానికి ఎవురూ లేరు. అదే పుండు, అదే ఆపరేషన్. బోర్లానే ఉంచినాను. చుట్టాలొస్తే తిప్పమని ఏడుస్తాడు. డాక్టరు వద్దన్నాడు కదా బావా అంటాను. పుండు బాగా మానుతా ఉండాది.”

ఆవిడ గొంతు పెంచలేదు. దిగే ముందు పటం తీసుకుని అద్దాన్ని కొంగుతో తుడిచింది.

“ఇంట్లో ఆయన పటం లేదా?” అన్నాను.

“ఉండాది. బావ మొహానికెదురుగా పీటమీద పెట్టినాను. ఇప్పుడు తల రెండో పక్కకి తిప్పుకుంటా ఉండాడు. ఇది ఆ పక్కకి.”