దవనం సబ్బు

పోయిన నెల విరుదునగర్‌లో కూతురింటికి వెళ్ళాను. చేతులు కడుక్కుందామని పెరట్లో కుళాయి తిప్పితే, పక్కన చిప్పలో లేతాకుపచ్చ సబ్బుబిళ్ళ ఉంది. పక్కింటావిడ ఇంట్లో చేసి ఇచ్చిందట. చేతిలోకి తీసుకోగానే దవనం వాసన గుప్పుమంది. దాన్ని అక్కడే పెట్టేసి, ఉత్త నీళ్ళతో కడుక్కుని వచ్చేశాను. "ఏమ్మా, సోప్పు బాగలేదా?" అంది కూతురు. బాగుందనే అన్నాను.

మా ఇంట్లో ఆ సబ్బు చేసేది మా వదిన. నా భర్త పోయినప్పటి నుంచి కోవిల్‌పట్టిలో అన్న ఇంటి వెనకగదిలోనే నా కాపురం. వదినా నేనూ ఒకే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్ళేవాళ్ళం. మిషన్లు వచ్చి మా చేతులతో పని తీరిపోయాక, ఆమె మహిళా సంఘంలో నాలుగు రోజులు సబ్బు పని నేర్చుకొచ్చింది. దవనం రెబ్బలు కొబ్బరినూనెలో నానేసి, వడగట్టి, అందులో కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు పోసి, దోసెపిండిలా చిక్కబడేదాకా కట్టెతో తిప్పేది. "ఇది ఇల్లా, పూలంగడా?" అని విసుక్కునే అన్న, ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు స్నానం చేసేవాడు. నాకు నలభై దాటినా ఆమెకు నేను పాపనే. "నీళ్ళలోకే సోడా వెయ్యల్ల పాపా, సోడా మీదికి నీళ్ళు పొయ్యగూడదు" అని పసిపిల్లకు చెప్పినట్టు ప్రతిసారీ చెప్పేది.

ఒకరోజు సబ్బు పని దగ్గర నేను ఎదురింటి వాళ్ళ తగాదా చెబుతున్నాను. నోరు ఒక పనిలో ఉంటే చెయ్యి ఇంకో పని చేసింది. సోడా ఉన్న గిన్నెలో చెంబెడు నీళ్ళు కుమ్మరించాను. బుస్సుమని పొంగింది. వదిన నన్ను భుజంతో నెట్టేసి గిన్నె ముందుకు వచ్చింది. ఎగిరిన ఆ నీళ్ళు ఆమె ఎడమ కంట్లో పడ్డాయి. తొట్టి ఖాళీ అయ్యేదాకా కంటి మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాను. ఆటో వచ్చేలోపు ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"నేనే పోసుకొంటినని చెప్తా. నువ్వు నోరు తెరవొద్దు పాపా. మీ అన్న కోపం తెలుసు గదా."

తెలుసు. మేక తన చేలో పడిందని సొంత బావమరిదితో ఆరేళ్ళు మాట్లాడని మనిషి. నాకున్నది ఆయన ఇచ్చిన గదే. నోరు తెరవలేదు.

మదురై తీసుకెళ్ళినా ఆ కంటికి వెలుగు తప్ప మరేమీ ఆనకుండా పోయింది. ఆరునెలలకు వదిన కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ గిన్నె ముందు కూర్చుంది. నేను మాత్రం ఆమె సబ్బు చేసే రోజున మోకాలినొప్పనో, రేషన్ కొట్టనో ఏదో ఒకటి చెప్పి తప్పుకునేదాన్ని. అలా మూడేళ్ళు.

విరుదునగర్ నుంచి వచ్చిన మర్నాడు, వాకిట్లో మినుములు చెరుగుతున్న అన్న ముందు నిలబడి చెప్పేశాను. ఆయన చేట ఆపలేదు.

"తెలుసు. మదురైకి పోయేటప్పుడే మీ వదిన చెప్పినాది. నిన్ను ఏమీ అడగొద్దని ఒట్టు పెట్టించుకొనింది."

"మరి నీకు కోపం రాలేదా, అన్నా?"

"వచ్చినాది. నీళ్ళు పోసినందుకు గాదు. ఒంటి కంటితో అది గిన్నె తడుముకొంటా ఉంటే, నువ్వు ఒగ దినమైనా గడప దాటి రాలేదే, దానికి."

లోపలికి వెళ్ళాను. వదిన నూనె తిప్పుతోంది. అంతా విన్నట్టే ఉంది. నా వైపు చూడకుండా కట్టె నా చేతికిచ్చి, "రెక్క రొంబ నొస్తా ఉండాది" అని మాత్రం అని పక్కకు జరిగింది. తిప్పుతూ కూర్చున్నాను. క్షమించిందో, నిజంగా రెక్కే నొచ్చిందో ఇప్పటికీ అడగలేదు.

ఒకే కప్పు కింద, నేను భయపడుతూ, ఆయన ఎదురుచూస్తూ, ఆమె ఒంటరిగా గడిపిన ఆ మూడేళ్ళు, నాకు ఒక్కటిగా కాదు, మూడు వేరువేరు కాలాలుగానే తోస్తాయి.