నూకరత్నం గారి వాక్యానికి నేను పెట్టిన టిక్కు

నిన్న పదకొండింటికి పావని ఫోన్ చేసింది.

“మేడమ్, మా మామ్మ చనిపోయింది.”

“మొన్న శనివారం క్లాసుకి వచ్చారు కదా!” అన్నాను. క్లాసుకి వచ్చిన మనిషి చనిపోకూడదన్నట్టు.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో స్టవ్ ఎందుకు వెలిగించానో గుర్తురాలేదు.

నూకరత్నం గారు మీలో చాలామందికి తెలుసు. పేరు తెలియకపోవచ్చు, ముఖం తెలుసు. ఎలాగో కింద చెబుతాను.

యాభై ఏడేళ్లు. కోల్‌కతాలో మెటియాబ్రుజ్ దగ్గర మన తెలుగువాళ్ల బస్తీలో, కొడుకు శ్రీను ఇంట్లో ఉండేవారు. మునిసిపాలిటీలో పారిశుద్ధ్య పని. నాలుగంతస్తుల ఇళ్లకి రోజూ మెట్లెక్కి, గుమ్మం గుమ్మానికీ వెళ్లి చెత్త దించేవారు.

మా వారికి కోల్‌కతా ట్రాన్స్‌ఫర్ అయ్యాక, న్యూ టౌన్ ఫ్లాట్‌లో ఊరికే కూర్చోలేక, ఆ బస్తీ క్లబ్ గదిలో శనివారాలు ఫ్రీగా స్పోకెన్ ఇంగ్లిష్ మొదలుపెట్టాను. ఆరుగురు ఆడవాళ్లు వచ్చేవారు. సేవ చేస్తున్నానని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

కాస్త కాదు, బాగానే.

ఆవిడ వచ్చింది మనవరాలు పావని స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ కోసం. “ఆ మిస్సమ్మ నా నెత్తి మీంచి మాటాడేస్తది టీచరమ్మా. నానేటి, గోడనేటి?” అన్నారు మొదటి రోజే.

మూడు నెలలకి ఆ మీటింగ్‌లో లేచి నిలబడ్డారట.

“మై పావని ఈజ్ ద క్లెవరెస్ట్. బట్ షి గివ్స్ అప్ ద ఫాస్టెస్ట్. ప్లీజ్, యూ డోంట్ గివ్ అప్.”

మా పిల్ల అందరికంటే తెలివైంది, కానీ అందరికంటే ముందు చేతులెత్తేస్తుంది, మీరు మాత్రం ఎత్తెయ్యకండి అని. ఆ మిస్ “మాషీ, బోషున్” అని, అంటే పిన్నీ కూర్చోండి అని, తన కుర్చీ జరిపి కూర్చోబెట్టిందట.

తర్వాతి శనివారం ఆ సీనంతా మా ముందు యాక్ట్ చేసి చూపించారు. మిస్ పార్టు కూడా ఆవిడే. నవ్వలేక చచ్చాం.

ఇప్పుడు అసలు సంగతి. రాయడానికి చెయ్యి రావడం లేదు.

రెండు నెలల కిందట సూపర్లేటివ్స్, ఫ్రేజల్ వర్బ్స్ కలిపి హోంవర్క్ ఇచ్చాను. అన్నిటికంటే పెద్దది, చెడ్డది, కష్టమైనది అని చెప్పే మాట ఒకటి. గివ్ అప్, కమ్ బ్యాక్ లాంటి జంట మాట ఒకటి. రెండూ ఒకే వాక్యంలో రావాలి.

అలాంటి హోంవర్క్ ఇస్తే అందరూ అతిగానే రాస్తారు. ఒకావిడ తన అత్తగారిని ప్రపంచంలోకెల్లా చెడ్డ మనిషిని చేసేసింది.

నూకరత్నం గారు రాసింది ఇది: “ద వర్స్ట్ పెయిన్ కమ్ బ్యాక్ ఆన్ ద స్టెయిర్స్.”

అన్నిటికంటే పెద్ద నొప్పి మెట్ల మీద మళ్లీ వస్తుంది.

నేను ‘కమ్’ పక్కన ఎర్ర పెన్నుతో ఒక ఎస్ చేర్చాను. టిక్కు పెట్టాను. ఎక్సలెంట్ అని రాశాను. లేచి గట్టిగా చదవమన్నాను.

చదివారు. అందరం చప్పట్లు కొట్టాం.

ఆవిడ నవ్వలేదు. అది ఇప్పుడు గుర్తొస్తోంది.

క్లాసయ్యాక గుమ్మం దాకా నా వెనకే వచ్చారు. “టీచరమ్మా, నాను రాసినాను సూడండి... అది ఉత్తి హోంవర్కు కాదండి” అన్నారు.

నా కళ్లు ఫోన్‌లో ఉన్నాయి. క్యాబ్ రెండు నిమిషాల్లో వస్తోంది. “వచ్చే వారం మాట్లాడుకుందామండీ” అన్నాను.

వచ్చే వారం నాకు గుర్తే లేదు. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇంటికొచ్చి ఏం చేశానో మీకు తెలుసు. ఆ పేజీ పట్టుకుని నిలబడ్డ ఆవిడ ఫోటో ఇక్కడే పోస్ట్ చేశాను. “యాభై ఏడేళ్లకి ఇంగ్లిష్!” అని క్యాప్షన్ కూడా పెట్టాను. మీరంతా హార్ట్స్ పెట్టారు. ఆవిడకంటే నన్నే ఎక్కువ మెచ్చుకున్నారు. ఆ ఆదివారమంతా థాంక్యూలు చెబుతూ కూర్చున్నాను.

జూమ్ చేస్తే ఆ వాక్యం స్పష్టంగా కనిపిస్తుంది. మీ తప్పేం లేదు, ఆవిడ పని ఏమిటో మీకు తెలియదు. నాకు తెలుసు. నాలుగంతస్తులని కూడా తెలుసు.

నిన్న పొద్దున్న పనిలో మూడో అంతస్తు మెట్ల మీద కూర్చుండిపోయారట. మళ్లీ లేవలేదు. గుండె అన్నారు. ఈ నొప్పి నిన్నా మొన్నా మొదలైంది కాదు అన్నాడట డాక్టర్.

మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. శ్రీను గోడకి ఆనుకుని, అడిగిందే అడుగుతున్నాడు. “ఎవులికీ ఒక్క ముక్క సెప్పనేదేటి మాయమ్మ? నాకు సెప్తే పని మానిపించేద్దును కదా!”

అతనికి అందుకే చెప్పలేదేమో. కానీ ఎవరికీ చెప్పలేదన్నది నిజం కాదు.

నాకు చెప్పారు. నిలబడి, గట్టిగా, కష్టపడి నేర్చుకున్న భాషలో చెప్పారు.

నేను నోరు విప్పలేదు. పక్కింటావిడ “టీచరమ్మగారొచ్చినారు” అని కుర్చీ తెచ్చి వేస్తే, అందులో కూర్చున్నాను కూడా. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

వచ్చేసేటప్పుడు పావని వాళ్ల మామ్మ నోట్‌బుక్ నా చేతిలో పెట్టింది. “ఈ వారం హోంవర్కు కూడా చేసేసింది మేడమ్. దిద్దుతారా?”

క్యాబ్‌లో తెరిచాను. “సాటర్డే ఈజ్ ద డే ఐ లుక్ ఫార్వర్డ్ టు ద మోస్ట్.”

అన్నిటికంటే ఎక్కువగా ఎదురుచూసేది శనివారం కోసమేనట.

ఒక్క తప్పు లేదు. ఎర్ర పెన్ను తియ్యలేదు.

పాత పోస్ట్ డిలీట్ చెయ్యడం లేదు. ఉండనివ్వండి. దీని కింద మాత్రం నన్ను ఓదార్చకండి. మంచిదాన్నని అసలు అనకండి.

ఇవాళ సాయంత్రం శ్రీను దగ్గరికి వెళ్తున్నాను. మీ అమ్మ నాకు చెప్పారు, నేను వినలేదు అని చెబుతాను.

తెలుగులోనే చెబుతాను.

నూకరత్నం గారూ, వెళ్లి రండి. మెట్లు లేని చోట హాయిగా కూర్చోండి. మీ ఆత్మకి శాంతి కలగాలి.