ఈలమ్మ పీరియడ్

ఆ బడిలో ఆటల టీచర్‌ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కాబట్టి పిల్లలకు ఆవిడ ఈలమ్మ. ఇంట్లోనూ ఆ ఈల తీసేది కాదు. "అన్నానికైనా నోటితో పిలువు, నీకు పుణ్యముంటుంది" అని భర్త వేళాకోళం చేసేవాడు.

ఆటస్థలానికి మూడువైపులే గోడ, నాలుగోవైపు రోడ్డు. ఒకసారి బంతి వెనకాల పరిగెత్తిన పిల్ల లారీకి ఎదురెళ్ళి, వెంట్రుకవాసిలో బతికింది. ఆవేళ నుంచి ఈలమ్మ ఏ ఆటకైనా ముందు ఒకటే పాఠం చెప్పేది. తన ఈల వినపడితే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి, గెలవబోతున్నా సరే. ఆగనివాళ్ళకు ఆ రోజుకు ఆట లేదు. పిల్లలకు అంతకు మించిన శిక్ష ఇంకేముంటుంది?

ఆ ఏడు లెక్కల్లో మార్కులు తగ్గాయి. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, తప్పంతా వచ్చి ఆటల పీరియడ్ మీద పడింది. దాన్ని తనకిచ్చేయమన్నారు లెక్కల మాస్టారు. పరిగెత్తినందువల్ల ఎవరైనా కూడికలు మరిచిపోయారా అని అడిగే నాథుడు లేడు. హెడ్మాస్టరు ఎవరినీ నొప్పించలేని మనిషి.

"ఈసారి బడుల పోటీల్లో మన ఆడపిల్లలు రిలే పరుగు గెలిస్తే పీరియడ్ మీదేనమ్మా. లేదంటే మాస్టారికి ఇచ్చేద్దాం" అన్నారు.

పోటీల రోజు బడంతా చూడ్డానికి వచ్చింది. చివరి అంచె పొడుగు పిల్లది. తన ఎత్తుకు తనే సిగ్గుపడి భుజాలు వంచుకు తిరిగే ఆ పిల్లను నిటారుగా నిలబెట్టింది ఈలమ్మే. ఇప్పుడు ఆ పిల్ల అందరినీ వెనక్కి నెట్టి దూసుకొస్తోంది. ఎదురుగా రిబ్బను. ఈలమ్మకు సంతోషంతో ఒళ్ళు తెలియలేదు. ఈల ఎప్పుడు నోట్లోకి వెళ్ళిందో, ఎప్పుడు ఊదిందో ఆవిడకే తెలియదు.

పొడుగు పిల్ల ఆగిపోయింది.

చేతిలో రిలే కర్రతో అలాగే నిలబడింది. మిగతా బడుల పిల్లలు ఆమెను దాటుకుని పోయారు. అప్పటిదాకా గొంతు చించుకుంటున్న తన బడి పిల్లలు కూడా ఒక్కసారిగా గప్‌చుప్. చేతికందిన కూడు నోటికందకుండా పోయింది. ఈలమ్మ ఉన్నచోటే కూలబడింది.

పొడుగు పిల్ల రొప్పుతూ దగ్గరకొచ్చింది. "ఏమైంది టీచర్? ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా. సంతోషం పట్టలేక ఊదాను. నువ్వు ఆగకుండా పోవాల్సింది."

"గెలవబోతున్నా ఆగాలని మీరే చెప్పారుగా?"

ఈలమ్మ ఆ పిల్లను పట్టుకుని ఏడ్చేసింది.

మర్నాడు హెడ్మాస్టరు గదికి తనే వెళ్ళింది. లెక్కల మాస్టారు అక్కడే ఉన్నారు.

"ఓడింది పిల్లలు కాదు, నేను. పీరియడ్ మాస్టారికే ఇచ్చేయండి" అంది.

లెక్కల మాస్టారు కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మా అమ్మాయి ఇక్కడే ఆరో తరగతి కదా మేడమ్. రోజూ ఆ రోడ్డు పక్కనే ఆడుతుంది. నేను గొంతు పోయేలా పిలిచినా పలకదు. నిన్న చెప్పు తొడుక్కుంటూ మీ ఈల విని, ఒంటికాలి మీద అలాగే నిలబడిపోయింది" అన్నారు. "పీరియడ్ మీ దగ్గరే ఉండనివ్వండి. నేను పొద్దున్నే బడి కంటే ముందొచ్చి లెక్కలు చెప్పుకుంటాను."

హెడ్మాస్టరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "ఈసారి నుంచి పోటీల రోజున మాత్రం ఆ ఈల నా జేబులో ఉంటుందమ్మా."

అన్నట్టే, మరుసటేడు పోటీల్లో ఈల ఆయన జేబులోకి చేరింది. పొడుగు పిల్ల చివరి మలుపు తిరిగింది. అలవాటుగా మెడ దగ్గరకు పోయిన ఈలమ్మ చేతికి ఏమీ దొరకలేదు. రెండు చేతులూ పైకెత్తి నోరారా అరిచింది.

"ఆగకు తల్లీ, ఆగకు."

పిల్ల ఆగలేదు.